టి.వి. ముందు ఏడ్చేవారిని చూసి నవ్వకండి

ఈ దృశ్యం మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాయి. పెద్దావిడ కుర్చీలో కూర్చుని సీరియల్ చూస్తున్నారు. తెర మీద ఎవరికో అన్యాయం జరిగింది. ఆవిడ పైటకొంగు కళ్ళకద్దుకున్నారు. పక్కన కూర్చున్న మనవడు కిసుక్కున నవ్వాడు. "అదంతా నటన నానమ్మా! వాళ్ళు డబ్బు తీసుకుని ఏడుస్తారు. నువ్వు ఊరికే ఏడుస్తున్నావు" అన్నాడు. ఆవిడ సిగ్గుపడి, "కంట్లో నలుసు పడిందిరా" అని బొంకారు.

నలుసు కాదని ఇద్దరికీ తెలుసు. నాటకమని కూడా ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా కన్నీళ్ళెందుకొస్తాయి? రావడం మంచిదా, చెడ్డదా? ఏ జబ్బులున్నవారు జాగ్రత్తపడాలి? ఎలాంటి ఏడుపును చూసినప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి? ఈ వారం ఆ సంగతులు చెప్పుకుందాం.

హిందీ రాకపోయినా కన్నీళ్ళొచ్చాయి

ఇది కొత్తగా వచ్చిన వింత కాదు. మన పెద్దలు పద్యనాటకానికి వెళ్ళి, హరిశ్చంద్రుడి కాటిసీనులో చంద్రమతితో పాటు ఏడ్చి తెల్లవారుజామున ఇంటికి వచ్చేవారు. 1963లో 'లవకుశ' సినిమా వచ్చినప్పుడు సీతమ్మ కష్టాలకు హాల్లో ముక్కు చీదని ఆడవారు అరుదు. మగవారు చీకట్లో తుడుచుకునేవారు. టి.వి. వచ్చి ఆ కన్నీళ్ళను హాల్లోంచి మన ముందుగదిలోకి తెచ్చింది, అంతే.

దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' 1984 జులై 7న మొదలై 1985 డిసెంబరు 17 వరకు నడిచింది. ఒక దిగువ మధ్యతరగతి కుటుంబం కథ. ప్రతి భాగం చివర పెద్దాయన అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవారు. ఆ సీరియల్‌కు వచ్చిన ఉత్తరాలు సుమారు 4 లక్షలని లెక్క. పెద్దకూతురు బడ్‌కీకి తెర మీద పెళ్ళయితే, నిజం పెళ్ళికి పంపినట్టు శుభాకాంక్షలు పంపినవారున్నారు.

తర్వాత 1987 జనవరి 25న 'రామాయణ్', 1988 అక్టోబరు 2న 'మహాభారత్' మొదలయ్యాయి. ఆ ఆదివారాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. మా వీధి మొత్తానికి రెండు టి.వి.లు. తొమ్మిదిన్నర అయ్యేసరికి ఆ రెండిళ్ళ ముందూ చెప్పుల గుట్టలు. కొందరు టి.వి.కి దండ వేసి, అగరొత్తి వెలిగించి కూర్చునేవారు. వచ్చినవారిలో ముక్కాలు మువ్వీసం మందికి హిందీ ముక్క రాదు. అయినా దశరథుడు కన్ను మూసిన రోజున, లక్ష్మణుడు మూర్ఛపోయిన రోజున ఆ గదిలో ఎవరి కళ్ళూ పొడిగా లేవు. భాష అర్థం కాకపోయినా మనసు కరిగింది. ఎందుకంటే మనిషి ముఖాన్నీ, గొంతు జీరనూ చదవడానికి మన మెదడుకు వ్యాకరణం అక్కర్లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దూరదర్శన్ వారు రామాయణాన్ని మళ్ళీ వేశారు. ఆనాడు తల్లి ఒళ్ళో కూర్చుని చూసిన పిల్లలు ఈసారి తమ పిల్లలతో కూర్చుని చూశారు. కథ ముందే తెలుసు, ప్రతి మలుపూ తెలుసు. అయినా కన్నీళ్ళు మళ్ళీ వచ్చాయి. కాబట్టి ఇది తెలివితక్కువతనమూ కాదు, అమాయకత్వమూ కాదు. మరేమిటి?

ఒంట్లో జరిగేది ఇదీ

మన మెదడు రెండంతస్తుల మేడ అనుకోండి. పై అంతస్తులో ఉన్నవాడు విచారించేవాడు: "ఇది కథ, వీళ్ళు నటులు" అని చెప్పేది వాడే. కింది అంతస్తులో బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉంది. అది కాపలావాడు. బాధపడే ముఖం కనిపించినా, కేక వినిపించినా వాడు ముందు గంట కొడతాడు. పైవాడు తీరిగ్గా విచారణ చేసి "కంగారు లేదు" అని చెప్పేలోపల ఆ గంట శబ్దం ఒళ్ళంతా పాకిపోతుంది.

గంట మోగగానే సింపథెటిక్ నరాలు మేలుకుంటాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తపోటు కొంత పెరుగుతుంది. అరచేతులు చెమర్చుతాయి. ఒళ్ళు జలదరిస్తుంది. కాసేపటికి, ఉద్రేకాన్ని చల్లార్చే పారాసింపథెటిక్ నరాల వంతు వస్తుంది. కన్నీటి గ్రంథులకు ఆజ్ఞ ఇచ్చేవి ప్రధానంగా ఇవే. కంటి లోపలి మూలనుంచి ముక్కులోకి సన్నని గొట్టం ఉంటుంది. కన్నీరు కొంత అందులోంచి దిగుతుంది. ఏడ్చేవారికి ముక్కు కారడానికి కారణం జలుబు కాదు, ఆ గొట్టమే. గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుందే, అక్కడ నిజంగా ఏ ఉండా లేదు. ఉద్వేగంలో ఎక్కువ గాలి కోసం గొంతు తెరుచుకుని ఉండాలని చూస్తుంది. గుటక వేయాలంటే మూసుకోవాలి. ఆ రెంటి పెనుగులాటే మనకు ఉండలా తోస్తుంది.

మన భరతముని నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు. స్తంభం అంటే కొయ్యబారిపోవడం, స్వేదం అంటే చెమట, రోమాంచం అంటే గగుర్పాటు, స్వరభేదం అంటే గొంతు మారడం, వేపథువు అంటే వణుకు, వైవర్ణ్యం అంటే ముఖం పాలిపోవడం, అశ్రువు అంటే కన్నీరు, ప్రళయం అంటే స్పృహ తప్పడం. ఈ జాబితాను ఇవాళ ఏ మెడికల్ కాలేజీలో చూపించినా, "ఇవన్నీ మన అదుపులో లేని నరాల పనులే కదా" అంటారు. వేల ఏళ్ళ నాడు రంగస్థలం పక్కన నిలబడి గమనించినవారు, ఈనాడు యంత్రాలతో కొలిచినవారు చెప్పేది ఒకటే. మనసు నాటకంలో ఉన్నా శరీరం నాటకమాడదు.

తెరమీది మనిషితో చుట్టరికం

వారం వారం, ఏళ్ళ తరబడి ఒక ముఖాన్ని మన ఇంట్లో చూస్తుంటే ఆ ముఖం పరాయిది కాకుండా పోతుంది. డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1956లోనే ఈ సంగతి రాశారు. తెరమీది మనిషి మనకు తెలుసు, మనం అతనికి తెలియం. అయినా మన మనసు అతనితో చుట్టరికం కలుపుకుంటుంది. ఒకవైపు చుట్టరికం అన్నమాట. అందుకే సీరియల్ అయిపోయిన రోజున ఇల్లు వెలితిగా ఉందనే వారున్నారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఈ చుట్టరికం నిజంగా తోడే. దాన్ని ఎగతాళి చేయకండి. అయితే ఇంట్లో ఉన్న మనుషులు పలకరించక, తెరమీది వాళ్ళే దిక్కయితే మాత్రం లోపం టి.వి.లో లేదు, ఇంట్లో ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. తెర ముందు రాలిన కన్నీళ్ళన్నీ తెరమీది వాళ్ళవి కావు.

కొన్నాళ్ళ క్రితం మా ఓ.పి.కి ఒక కోడలు తన అత్తగారిని తీసుకొచ్చింది. పెద్దావిడకు అరవై దాటాయి. కోడలు నాతో విడిగా చెప్పింది: "మా అత్తయ్యగారు ఫోనులో పాత మహాభారతం పెట్టించుకుని చూస్తారండీ. అభిమన్యుడు పోయే భాగమే మళ్ళీ మళ్ళీ చూసి ఏడుస్తారు. ఫోను తీసేసుకుంటే అన్నం మానేస్తున్నారు. కాస్త నిద్రమాత్రలు రాసివ్వండి డాక్టరుగారూ."

"మీ ఇంట్లో చిన్నవయసువాళ్ళెవరైనా పోయారా అమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి కొంచెంసేపు మాట్లాడలేదు. "మా మరిదండీ. ఇంజనీరింగ్ చదువుతుండగా బండి ప్రమాదంలో పోయాడు. ఆరేళ్ళయింది. ఇంట్లో మేమెవరం ఆ మాట ఎత్తమండీ. ఫోటో కూడా లోపల పెట్టేశాం. ఎత్తితే ఆవిడ తట్టుకోలేరని."

"ఆవిడ ఏడుస్తున్నది అభిమన్యుడి కోసం కాదమ్మా. కొడుకు కోసం ఏడవడానికి ఆవిడకి ఇంట్లో చోటు లేక అక్కడికి వెళ్ళి ఏడుస్తున్నారు" అన్నాను.

నిద్రమాత్ర రాయలేదు. ఫోటో బయట పెట్టమన్నాను. ఆ అబ్బాయి పేరు ఇంట్లో వినపడనివ్వమన్నాను. ఆవిడ ఆ భాగం చూస్తున్నప్పుడు పక్కన ఎవరైనా కూర్చోమన్నాను. మూడు నెలల తర్వాత బి.పి. చూపించుకోవడానికి వచ్చినప్పుడు అడిగితే, ఇప్పటికీ ఏడుస్తారని కోడలు చెప్పింది. కాకపోతే, ఏడ్చాక కొడుకు సంగతులు చెబుతున్నారట. అన్నం మానడం లేదట.

ఇలాంటివారు ఊరూరా ఉన్నారు. 'హమ్ లోగ్'లో తాగుబోతు భర్త వల్ల, అత్తగారి వల్ల మాటలు పడే భగవంతి పాత్రను చూసి ఎందరో ఇల్లాళ్ళు ఏడ్చారు. ఆ పాత్ర అలా అణిగిమణిగి ఉండటం తప్పని చెప్పాలన్నది సీరియల్ తీసినవారి ఉద్దేశం. కానీ చాలామంది స్త్రీలు ఆమె ఓర్పునే ఆదర్శంగా తీసుకున్నారని తర్వాత పరిశోధకులు తేల్చారు. దెబ్బలు తినే దృశ్యం వచ్చినప్పుడల్లా మీ ఇంటి ఆడపడుచు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతున్నదంటే, ఆమెను కథ గురించి కాక కాపురం గురించి అడగాలి. నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి.

దుఃఖం సహజమే. కానీ ఏళ్ళు గడిచినా అది తిండినీ, నిద్రనూ, పనినీ మింగేస్తుంటే దానికీ వైద్యం ఉంది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఇలాంటి దీర్ఘదుఃఖానికి ప్రత్యేకంగా చోటిచ్చారు.

ఏడిస్తే బరువు దిగుతుందా?

"ఏడిస్తే ఒంట్లో విషాలన్నీ కన్నీళ్ళతో పోతాయటగా?" అని అడిగేవారున్నారు. విషాలు పోతాయన్నదానికి రుజువు లేదు. బరువు దిగుతుందన్న మాటలో మాత్రం కొంత నిజముంది. అయితే వెంటనే కాదు. నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరికి విషాదభరితమైన సినిమా చూపించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఏడ్చినవారి మనసు సినిమా అయిన వెంటనే మరింత దిగజారింది. 20 నిమిషాలకు మామూలు స్థితికి వచ్చింది. 90 నిమిషాలకు సినిమాకు ముందున్నదానికన్నా తేలికపడింది. కాబట్టి ఏడ్చినవారిని వెంటనే "ఊరుకో, ఊరుకో" అని కసరకండి. గంటన్నర గడువివ్వండి.

మరో ముచ్చట. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ డన్‌బర్ బృందం కొందరికి గుండె బరువెక్కించే ఒక టెలివిజన్ చిత్రాన్ని గుంపుగా కూర్చోబెట్టి చూపించింది. ముందూ తర్వాతా వారిచేత గోడకుర్చీ వేయించింది. అవును, మన బడిలో పంతుళ్ళు వేయించే గోడకుర్చీయే! విషాదం చూసి కదిలిపోయినవారు తర్వాత ఎక్కువసేపు నొప్పి ఓర్చుకోగలిగారు, పక్కవారితో దగ్గరితనం పెరిగిందన్నారు. మామూలు డాక్యుమెంటరీ చూసినవారిలో ఈ మార్పు రాలేదు. దీనిని 2016లో ప్రచురించారు. నలుగురితో కలిసి ఏడవడం మనుషులను దగ్గర చేస్తుందన్నది, ఒక టి.వి. చుట్టూ వీధి అంతా కూర్చున్న తరానికి వేరే చెప్పనక్కర్లేదు.

వీరు జాగ్రత్తపడాలి

ఆరోగ్యంగా ఉన్న మనిషికి సీరియల్ ఉద్వేగం వల్ల ప్రమాదం లేదు. కొన్ని జబ్బులున్నవారు మాత్రం ఈ విషయాలు గుర్తుంచుకోవాలి.

గుండెజబ్బు, బి.పి. ఉన్నవారు: తెరమీద చూసే ఉద్వేగం గుండెదాకా వెళ్తుందనడానికి గట్టి ఉదాహరణ ఆటలనుంచి ఉంది. 2006 ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీల్లో జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో, మ్యూనిక్ ప్రాంతంలో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలుకన్నా 2.66 రెట్లు వచ్చాయి. అప్పటికే గుండెజబ్బు ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. సీరియల్ అంత ఉద్రేకం తెప్పించకపోవచ్చు. అయినా ఛాతీలో బిగింపు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం, చల్లటి చెమటలు కనిపిస్తే "సీరియల్ చూసి కంగారుపడ్డాను" అని సరిపెట్టుకోకండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఇంట్లో బి.పి. మిషను ఉన్నవారు సీరియల్ అవగానే చూసుకుని, పెరిగిందని హడలిపోతుంటారు. కనీసం 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని అప్పుడు చూసుకోండి. మాత్ర సీరియల్ అయ్యాక వేసుకుందామని వాయిదా వేయకండి.

మధుమేహం ఉన్నవారు: 2020లో రామాయణం మళ్ళీ వస్తున్న రోజుల్లో ఒక పెద్దాయనను మా ఆస్పత్రికి మోసుకొచ్చారు. ఎనిమిదిన్నరకు ఇన్సులిన్ తీసుకున్నాడు. తొమ్మిదింటికి రామాయణం. చూశాక తిందామని కూర్చున్నాడు. సగం అయ్యేసరికి ఒళ్ళంతా చెమట, చేతుల వణుకు, మాట తడబాటు. ఇంట్లోవారు రాముణ్ణి చూసి పులకించిపోయాడనుకున్నారు! చక్కెర పడిపోయిందని ఎవరికీ తట్టలేదు. ఇలాంటప్పుడు స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి, తర్వాత అన్నమో టిఫినో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఇన్సులిన్ తీసుకున్నాక తిండి ఆలస్యం కారాదు. పళ్ళెం తెచ్చుకుని తింటూ చూసినా రాముడేమీ అనుకోడు.

పక్షవాతం వచ్చి తేరుకున్నవారు: కొందరు పక్షవాతం తర్వాత టి.వి.లో చిన్న దృశ్యానికే భోరుమంటారు. మరుక్షణం ఆగిపోతారు. కొందరు ఏడవాల్సిన చోట పకపకా నవ్వుతారు. అడిగితే "నాకంత బాధేమీ లేదు, ఆపుకోలేకపోతున్నాను" అంటారు. ఇది పిరికితనం కాదు, ఏడుపును అదుపుచేసే మెదడు దారులు దెబ్బతినడం వల్ల వచ్చే స్థితి. దీనికి మందులున్నాయి. డాక్టరుకు తప్పక చెప్పండి.

మతిమరుపు మొదలైన పెద్దలు: తెరమీదివాళ్ళు ఇంట్లోనే ఉన్నారనుకుని వారికి కాఫీ ఇమ్మని చెప్పడం, తెరలో దొంగను చూసి తలుపులు వేయమని కేకలు పెట్టడం చేస్తుంటే ఊరుకోకండి. ఆనాడు టి.వి.కి హారతి పట్టినవారికి అది టి.వి. అని తెలుసు. వీరికి తెలియడం లేదు. ఆ తేడా ముఖ్యం. వాదించకుండా టి.వి. ఆపేసి, మాట మార్చి, తర్వాత నరాల డాక్టరుకో మానసిక వైద్యునికో చూపించండి.

నెత్తురు చూస్తే కళ్ళు తిరిగేవారు: పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తి పెట్టండి. చుట్టూ మూగకండి. నిమిషంలో తేరుకుంటారు. తేరుకోకపోయినా, తరచు జరిగినా పరీక్ష అవసరం.

చిన్నపిల్లలు: ఏడెనిమిదేళ్ళలోపు పిల్లలకు కథకూ నిజానికీ మధ్య గీత స్పష్టంగా ఉండదు. రాత్రి ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం మొదలైతే ఏం చూస్తున్నారో గమనించండి. భయపెట్టే దృశ్యం వస్తే కళ్ళు మూయడం కన్నా పక్కన కూర్చుని ఎలా నటిస్తారో చెప్పడం మేలు. ఆనాడు రామాయణం చూసి చీపురుపుల్లతో బాణం చేయని పిల్లవాడు లేడు. ఆ పుల్ల కంట్లో పడితే చూపు పోతుందని అప్పుడూ ఇప్పుడూ మరచిపోకూడదు.

చావు దృశ్యాలు, అనుకరణ

ఈ మాట సూటిగా చెప్పాలి. ఇంగ్లండులో ఒక ప్రసిద్ధ ఆస్పత్రి సీరియల్‌లో 1996లో ఒక పాత్ర మందు మింగినట్టు చూపించారు. ఏ మందో ఇక్కడ రాయను. ఆ తర్వాత మొదటి వారంలో అలాంటి కేసులు ఆస్పత్రులకు 17 శాతం, రెండో వారంలో 9 శాతం పెరిగాయని 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సీరియల్ చూసిన వారందరికీ ఆ ఆలోచన రాదు. అప్పటికే అంచు మీద నిలబడినవారికి అది తోపు అవుతుంది.

కాబట్టి మీ ఇంట్లో మనసు బాగాలేనివారుంటే అలాంటి దృశ్యాన్ని వారు ఒంటరిగా చూడకుండా చూసుకోండి. "నేనూ అలా పోతే బాగుండు" అన్న మాట వినపడితే తేలిగ్గా కొట్టిపారేయకండి. "నిజంగా అలా అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. పురుగుమందులు, మాత్రలు వారికి అందని చోట పెట్టండి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ-మానస్‌కు 14416 నెంబరుపై ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ఏడవడం మానేసిన మనిషి

అందరూ ఏడ్చేవారి గురించే అడుగుతారు. డాక్టరుగా నాకు ఎక్కువ భయం ఏడవడం మానేసినవారి గురించి. ఇన్నాళ్ళూ ప్రతి సీరియల్‌కూ కరిగిపోయే ఇల్లాలు ఇప్పుడు అదే తెర ముందు కూర్చుని ఉంటుంది. కళ్ళు తెర మీదే ఉంటాయి. ఏడుపు లేదు, నవ్వు లేదు. "ఏమైంది కథ?" అంటే చెప్పలేదు. ఇంట్లోవారు "ఇప్పుడు ధైర్యం వచ్చింది, ఇదివరకటిలా ఏడవడం లేదు" అని సంతోషిస్తారు. అది ధైర్యం కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. డిప్రెషన్‌లో దుఃఖం ఎక్కువ కావడం ఒక రకం. ఏ అనుభూతీ లేకుండా ఎండిపోవడం మరో రకం.

రెండు వారాలు దాటి ఈ లక్షణాలుంటే చూపించండి: దేనిమీదా ఇష్టం లేకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం, అకారణమైన అలసట, తాను పనికిరానిదాన్ననే మాటలు. బాలింతల్లో ఇది కనిపిస్తే రెండు వారాలు కూడా ఆగకండి. ఇది నయమయ్యే జబ్బు.

ఆ వారం గడువు ఏమైంది?

పాతరోజుల్లో సీరియల్‌కు వారం గడువుండేది. ఆదివారం అభిమన్యుడు పోతే, తర్వాతి ఆదివారం వరకు ఆగాలి. ఈలోగా బావి దగ్గర, ఆఫీసులో, రేషన్ షాపు క్యూలో ఆ దుఃఖాన్ని నలుగురూ పంచుకునేవారు. పొంగిన నరాలు చల్లారడానికి సమయం, చెప్పుకోవడానికి మనుషులు ఉండేవారు. ఇప్పుడు అదే సీరియల్ ఫోనులో ఉంది. ఒక్క రాత్రిలో పది భాగాలు చూడవచ్చు. దుప్పటి కింద, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఒంటరిగా. మొదటి ఏడుపు చల్లారకముందే రెండోది. పైగా నిద్ర పాడు. సీరియల్ పాతదే, కన్నీళ్ళూ పాతవే. మారింది చూసే పద్ధతి. నా దృష్టిలో అసలు చెరుపు అదే.

అందుకని ఇలా చేయండి:

1. రోజుకు ఒకటి, మహా అయితే రెండు భాగాలు చాలు. నిద్రకు గంట ముందు ఆపేయండి.

2. వీలైనంత వరకు ఎవరితోనైనా కలిసి చూడండి. అయ్యాక పది నిమిషాలు కథ గురించి మాట్లాడుకోండి.

3. మందులు, ఇన్సులిన్, భోజనం వేళలు సీరియల్ కోసం జరపకండి.

4. ఎవరైనా ఏడిస్తే నవ్వకండి, టి.వి. కట్టేయకండి. మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చోండి. మర్నాడు తీరిగ్గా, "నిన్న ఎవరు గుర్తొచ్చారు?" అని అడగండి.

5. ఒకే దృశ్యం పదేపదే చూసి ఏడుస్తుంటే, గంటలు గడిచినా తేరుకోకపోతే, మర్నాడు పనులు చేసుకోలేకపోతే డాక్టరును కలవండి. జిల్లా ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. అక్కడికి వెళ్ళడం పిచ్చికి గుర్తు కాదు.

6. ఏడ్చే మనిషి ఏడవడం మానేస్తే సంతోషించే ముందు, "ఎలా ఉన్నావు?" అని ఒకసారి అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.